ఖాళీగా రాని టన్నరు

మా ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. గేటు దగ్గర వాచ్‌మన్‌ నుంచి ఇంజినీరు వరకు అందరికీ ఆమె ఖాళీలక్క. మేము క్లోరిన్ నింపి పంపే టన్నర్లు, అంటే పడుకోబెడితే మనిషి నడుమెత్తు వచ్చే ఇనుప పీపాలు, వాడుకున్నాక ఖాళీగా తిరిగి వస్తాయి. వాటిని పరీక్షించి, బాగున్నదాని మీద సుద్దముక్కతో సున్నా చుట్టడం ఆమె పని. సున్నా లేనిదాన్ని నింపేవాళ్ళు ముట్టుకోరు.

నేను పక్కనే కాటా దగ్గర కూర్చునేదాన్ని కాబట్టి రోజూ చూసేదాన్ని. మురికంటే అంత అసహ్యపడే మనిషిని దేవుడు ఆ పనిలోకి ఎందుకు పంపాడో ఆయనకే తెలియాలి. గ్లాసు అంచున మరక కనిపిస్తే టీ మొత్తం పారబోసేది.

"అక్కా, మా బావ రోజుకెన్నిసార్లు స్నానం చేస్తాడే?" అని లోడింగువాళ్ళు ఆటపట్టిస్తే, "మీ అందరి వంతూ కలిపి చేస్తాడురా" అనేది.

అయినా భోజనాల వేళ వాళ్ళ మురికి చేతుల మీద తానే చెంబుతో నీళ్ళు పోసేది, గోళ్ళ సందులు తెల్లబడేదాకా.

ఆ ఏడాది క్లోరిన్ రేటు పడిపోయింది. ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపితే కాస్టిక్ సోడా, క్లోరిన్ రెండూ కవలల్లా పుడతాయి. ఒకటి చాలు, రెండోది వద్దంటే కుదరదు. సోడా కోసం లారీలు బారులు తీరాయి. క్లోరిన్ అడిగే నాథుడు లేడు. దాచడానికి ట్యాంకులు చాలవు, గాలిలోకి వదిలితే ఊరు ఊరంతా దగ్గి చస్తుంది. చివరికి సరుకూ ఇచ్చి, పట్టుకెళ్ళినందుకు ఎదురు డబ్బూ ఇవ్వాల్సిన రోజులొచ్చాయి.

అప్పుడు దొరికాడు మైనపునూనె వ్యాపారి. నూనెలో క్లోరిన్ కలిపి ప్లాస్టిక్ కంపెనీలకు అమ్ముతాడు. ఎన్ని టన్నర్లున్నా పట్టుకుపోయేవాడు. ఆఫీసులో అతనికి మెత్తటి కుర్చీ, చల్లటి నీళ్ళు, అంతకన్నా చల్లటి మాటలు. మా దగ్గర డబ్బు పుచ్చుకుంటూ మమ్మల్ని ఉద్ధరిస్తున్నట్టు నవ్వేవాడు.

ఒక ఉదయం అతని దగ్గర్నుంచి వచ్చిన టన్నర్లు ఖాళీ బరువుకన్నా బాగా ఎక్కువ తూగాయి. గ్యాసు మిగిలిందేమోనని ఖాళీలక్క గేజి బిగించి చూసింది. ముల్లు కదల్లేదు. గ్యాసు లేదు, బరువు మాత్రం ఉంది. అంటే గ్యాసు అయిపోయాక అతని తొట్టిలోని నూనె వెనక్కి టన్నర్లలోకి పీల్చుకుపోయిందన్నమాట. దాని మీద క్లోరిన్ పడితే లోపలే వేడెక్కి టన్నరు పేలిపోతుంది. ఈ సంగతి మా దగ్గర ఊడ్చేవాళ్ళకి కూడా తెలుసు.

ఇంజినీరుకీ తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు. ఎండలో నిలబడ్డ లారీ డ్రైవరుకు తన గొడుగిచ్చి పంపే మనిషి. ఆ రోజు మాత్రం ఆమె కళ్ళలోకి చూడకుండా మాట్లాడాడు.

"యార్డులో వేరే ఖాళీలు లేవమ్మా. ట్యాంకులు నిండిపోయాయి. ఇవి కడిగి ఆరబెట్టేదాకా ప్లాంటు ఆపాలి. పైగా తప్పు అతనిదేనంటే ఆ వ్యాపారి మళ్ళీ రాడు. మిగిలిన గ్యాసే అనుకుందాం. సున్నా పెట్టెయ్యి."

"అనుకుంటే నూనె గ్యాసవుతుందా బాబూ?"

నింపే గొట్టం పట్టుకునేది ఆమె సొంత తమ్ముడు. నెలాఖరుకి పర్మనెంటు చేస్తామని వాడికి ఆశ పెట్టారు. వాడే పరుగెత్తుకొచ్చాడు.

"నీ చాదస్తం ఇంట్లో చూపించవే అక్కా! నేను నెమ్మదిగా నింపుతాగా. ఒక్క సున్నా చుడితే నా బతుకు ఒడ్డున పడుతుంది."

"ఒడ్డున పడేది నువ్వు కాదురా, నీ చెప్పులు."

వాడు ఆమె చేతిలోని సుద్ద లాక్కుని తానే గీయబోయాడు. సగం గీశాడు కూడా. ఆమె పోట్లాడలేదు. వాడి మొహానికి మాస్కు బిగించి, తానూ తగిలించుకుని, కింద పళ్ళెం పెట్టి వాల్వు విప్పింది.

ముదిరిన పుండులోంచి చీము జారినట్టు దిగిందది. గోధుమ రంగు, జిడ్డు, మధ్య మధ్య తుప్పు పెచ్చులు, బుడబుడమని ఉడుకుతున్న నురగ. మాస్కులోంచి కూడా కంపు గొంతుకు తగులుకుంది. తమ్ముడు వంగి చూశాడు. దాని మీదికి గ్యాసు వదలాల్సిన చేతులు తనవేనని అప్పుడు తట్టినట్టుంది, ఓకరిస్తూ గోడవైపు పరుగెత్తాడు. ఆమె వెళ్ళి వీపు రాసి, మొహం కడిగింది. వాడు తిరిగొచ్చి తను గీసిన సగం సున్నాను చొక్కా చేతితో తుడిచేశాడు.

ఆ సాయంత్రం ప్లాంటు ఆగింది. వాడి పర్మనెంటు వెనక్కి వెళ్ళింది. మర్నాటికల్లా ఆ వ్యాపారి పెద్దరోడ్డు మీది ఇంకో ఫ్యాక్టరీతో మాట్లాడుకున్నాడు. అతని దగ్గర మిగిలిన టన్నర్లు ఆ రాత్రికే నింపడానికి అక్కడికి వెళ్తాయట. అక్కడా మెత్తటి కుర్చీయే వేశారట. వినగానే ఖాళీలక్క అన్నం ముందు నుంచి లేచిపోయింది.

"అక్కడ గొట్టం పట్టుకునేవాడు ఎవరి తమ్ముడో" అంది.

అప్పటిదాకా అక్కతో మాట్లాడకుండా ముభావంగా తిరుగుతున్న తమ్ముడు ఆ మాట విన్నాడేమో, షిఫ్టు దిగగానే సైకిలు తీశాడు.

"ఎక్కడికిరా?"

"ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి. నింపేవాళ్ళకి చెప్పొస్తా. నమ్మకపోతే ఏం చెయ్యనే?"

ఆమె యార్డులోకి వెళ్ళి, ముక్కు మూసుకుని, ఆ పళ్ళెంలో గడ్డకట్టినదాన్ని గరిటెతో తీసి సీసాకెత్తింది. మూత బిగించి, గుడ్డలో చుట్టి, వాడి సంచిలో పెట్టింది.

"నువ్వేం చెప్పక్కర్లేదు. దూరంగా నిలబడి మూత తియ్యి."

వాడి సైకిలు మలుపు తిరిగేదాకా ఇద్దరం గేటు దగ్గరే నిలబడ్డాం. వాడు చేరేలోగా అక్కడెవరూ గొట్టం బిగించకుండా చూడు తండ్రీ అని దేవుడికి దండం పెట్టుకున్నాను.