కొత్త కౌంటర్ ముందు లైను

మా ఆఫీసు కాగితాలు వదిలి కంప్యూటర్లలోకి మారడానికి సిద్ధంగా ఉందో లేదో చూడటానికి హైదరాబాద్ నుంచి ఇద్దరు సార్లు వస్తున్నారన్నారు. వాళ్లు సరేనంటే కొత్త కౌంటర్ పెడతారు. ఆ కుర్చీ నాదే కావాలి. గోదావరిఖని గనుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు ఏటేటా వచ్చి, బతికే ఉన్నామని చూపించి పింఛను నిలబెట్టుకునేది మా దగ్గరే. షిఫ్టు దిగినట్టు గుంపుగా వచ్చి, ‘బిడ్డా’ అంటూ నా బల్ల చుట్టే మూగేవాళ్లు. అది నా రాజ్యం.

నిన్నగాక మొన్న చేరిన పిల్లను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఆమె వేళ్లు చకచకా కదులుతుంటే నాకు కడుపు మండిపోయింది. టైపు కొడితే ఆఫీసు నడుస్తుందా అని చాయ్ దగ్గర అందరితో అన్నాను.

సార్లు వచ్చారు. లైన్లోంచి ఒక ముసలి కాకను పిలిచి వేలిముద్ర మిషను మీద వేలు పెట్టమన్నారు. తీసుకోలేదు. మళ్లీ పెట్టాడు, మిషను తీసుకోలేదు. బొగ్గెత్తి బొగ్గెత్తి గీతలు అరిగిపోయిన వేలది. ఒక సారు మొహం చిట్లించాడు. ఇక ఆ పిల్ల పని అయిపోయినట్టేనని నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడా పిల్ల, “కాకా, వేలు జర తల్కాయకు రాసి పెట్టు” అంది. కాక నూనె పెట్టిన జుట్టులో వేలు రుద్ది పెట్టాడు. మిషను తీసుకుంది.

“శభాష్! తయారుగా ఉండటమంటే ఇదీ” అన్నాడు సారు.

ఆ ఉపాయం నాది! రేషన్ షాపులో మా బాపు చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. అంతకుముందొక మధ్యాహ్నం అన్నం తింటూ నేనే ఆమెకు చెప్పాను. సొమ్మొకడిది, సోకొకడిది. కౌంటర్ ఆమెకే ఇచ్చారు. ఆమె పంచిన స్వీటు నేను ముట్టలేదు.

మొన్న నన్ను కన్న బాపే పింఛను పనికి వచ్చాడు. ఆయనా గని దిగినవాడే. ఫ్యాన్ కింద కుర్చీ వేసి, “ఇటు రా బాపూ, నేను చూస్త” అన్నాను.

“నువ్వు నీ పని చేస్కో. గా పిల్ల దగ్గరైతే జల్ది అయితది” అని పోయి ఆమె లైన్లో నిలబడ్డాడు.

వంతు రాగానే, ఎవరూ చెప్పకముందే, బొటనవేలు జుట్టులో రుద్దుకున్నాడు. మిషను ముందు వంగి, నన్ను పిలిచే గొంతుతోనే ఆమెను అడిగాడు.

“పెట్టాల్నా, బిడ్డా?”