నీ కోసమే కదా

ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్‌ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే సంతోషకుమారి ఇంటికి రాగానే, యూనిఫాంకు తగిలించుకున్న గడియారమైనా తీయకుండా టీ పెట్టుకుంటుంది. కూతురు రోజీకి ఏది చెప్పినా చివర్లో "నీ కోసమే కదా" అంటుంది. ట్యూషనూ నీ కోసమే, కాకరకాయ కూరా నీ కోసమే. ఆ సాయంత్రం కూడా, ఆదివారం తెలుగు ప్రార్థన కూటంలో రోజీ స్పెషల్ సాంగ్ పాడుతుందని పాస్టరుగారికి ఫోన్లో మాటిచ్చేసి, కప్పుతో వచ్చి కూతురి పక్కన కూర్చుంది. రోజీ హిస్టరీ పైకి చదువుతోంది. అమెరికాలో స్థిరపడ్డ తనవాళ్లను కాపాడతానని బ్రిటన్ ఫ్రెంచివాళ్లతో యుద్ధం చేసి, ఆ ఖర్చు కోసం ఆ తనవాళ్ల మీదే పన్నులు వేసిందట. వాళ్లు తిరగబడ్డారట.

"కట్టడానికేం? వాళ్ల కోసమే కదా చేసింది!" అంది సంతోషకుమారి.

"బట్ నోబడీ ఆస్క్‌డ్ దెమ్, మమ్మీ," అంది రోజీ తలెత్తకుండానే.

సంతోషకుమారి టీ ఊదుకుంది. తర్వాత మెల్లగా, "ఆదివారం కూటంలో పాట పాడతావా?" అని అడిగింది.

రోజీ తలెత్తి చూసింది. "నో," అంది.

సంతోషకుమారి కప్పు కింద పెట్టి పాస్టరుగారికి ఫోను కలిపింది. "వందనాలు అయ్యగారూ. మా అమ్మాయిని అడక్కుండా చెప్పేశానండీ. ఈసారి పాట నేనే పాడతాను."