మెట్లబావి గోడకు మేకు కొట్టనివ్వని మనిషి

మా వారసత్వ పరిరక్షణ కార్యాలయానికి సుదీర్ఘకాలం అధికారిగా సేవలందించిన విశ్వనాథం గారు హనుమకొండలోని స్వగృహంలో పరమపదించారన్న వార్త ఫోనులో విన్నాను. పదవీ విరమణ తర్వాత కూడా ఆయన తరచు ఫోన్ చేసి, ఏ ప్రాకారానికి ఎవరు పశువుల కొట్టం ఆనించారో చెప్పేవారు. ముందురోజే పాలకుర్తి దారిలోని ఒక శిథిల మండపం విషయమై నన్ను గట్టిగా మందలించారు. అంత ఆరోగ్యంగా తిట్టిన మనిషి మరునాటికి లేడంటే నమ్మడం కష్టం. ఆయన కుర్చీ నాకు దక్కింది. కుర్చీ మాత్రమే దక్కిందని పట్టణంలో ఒక అభిప్రాయం ఉంది. నేను ఖండించలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, “సార్, మనకున్న అధికారాలేంటియి?” అని అడిగాను. చట్టం పుస్తకం చేతికిస్తారనుకున్నాను. చాయ్ ఇచ్చారు.

“చూసుడు మన డ్యూటీ, ఆపుడు మన పవరు. కూలగొట్టాల్నంటే కలెక్టర్ గారి ఆర్డరు కావాలె, మున్సిపాల్టీ జేసీబీ కావాలె, పోలీసోళ్లు రావాలె. వాళ్లంత ఒక్కకాడ కలిసేటాల్లకు ఆ ఇంట్ల మనవడు పుడ్తడు. అందుకే ఇసుక కుప్ప పడ్డనాడే పోవాలె. స్లాబు పడ్డంక పోతే గృహప్రవేశం దావత్ తిని రావాలె.”

అదే ఆయన ఉద్యోగధర్మం. సాయంకాలం స్కూటరు మీద రక్షిత కట్టడాల చుట్టూ తిరిగేవారు. నిషేధిత పరిధిలో ఇసుక కనిపిస్తే దిగేవారు. ఒకసారి ఆ ఇసుక సొంత బావమరిదిదని తేలింది. నోటీసు స్వయంగా ఇంటికి తీసుకుపోయి ఇచ్చి, చాయ్ తాగి వచ్చారు. ఆ రోజు చాయ్‌లో చక్కెర పడలేదని మాత్రం మాతో అన్నారు.

బజారు వెనుక ఉన్న పురాతన మెట్లబావి ఆయనకు ప్రాణసమానం. దాని గోడ పొడవునా రాతిలో చెక్కిన హంసల వరుస, మధ్యలో ఒక దేవతామూర్తి. స్టీలు సామాన్ల దుకాణం నడిపే వర్తకుల పెద్ద కిష్టయ్య సేటు ఒక పండుగనాడు రంగు డబ్బాలతో అక్కడికి వచ్చాడు.

“దేవునికి రంగేస్తే పుణ్యం గద సార్! పుణ్యానికి గూడ నోటీసిస్తవా?”

“సేటూ, ముసలోడైండని మీ తాత మొకానికి పేంటేస్తవా?”

“మా తాత పోయిండు సార్.”

“రంగేస్తే ఈయన గూడ పోతడు.”

సేటు డబ్బాలు వెనక్కి మోసుకుపోయాడు. తర్వాత్తర్వాత వారి మైత్రి ఎంత పెరిగిందంటే, బావిలో ఎవరైనా చెత్త వేస్తే సేటు గల్లాపెట్టె వదిలేసి మరీ బయటికొచ్చి కేకలేసేవాడు. చట్టం సాధించిన విజయాల్లో ఇంతకు మించినది నేను చూడలేదు.

ఇక రాయడానికి చెయ్యి వెనుకాడే సంగతి. వర్తకులు సంతాపసభను ఆ బావి దగ్గరే ఏర్పాటు చేశారు. ప్రేమతోనే చేశారు. నేను వెళ్లేసరికి సార్ నిలువెత్తు ఫ్లెక్సీ బావి గోడకు బిగించి ఉంది. హంసల వరుసలో డ్రిల్లుతో రంధ్రాలు చేసి, ఇనుప మేకులు దిగగొట్టారు. పక్కనే ఇసుక కుప్ప. సార్ విగ్రహానికి గద్దె కడతారట. మా కార్యాలయం ముందుగా పంపిన పూలదండ, ‘అశ్రునివాళి’ అన్న పట్టీతో సహా, ఆ మేకుల్లో ఒకదానికే వేలాడుతోంది. ఆపవలసిన శాఖ తన దండకు మేకు వెతుక్కుంది.

వేదిక మీద వక్తలు ఆయన చిత్తశుద్ధిని వేనోళ్ల కీర్తిస్తున్నారు. ఆయన సతీమణి లలితమ్మ గారు మాత్రం గోడవైపే చూస్తున్నారు. నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అన్నారు.

“బిడ్డా, ఆయనను జర కిందికి దించుండ్రి. బతికున్నన్నొద్దులు ఆ గోడకు ఒరిగి గూడ నిలవడలే.”

ఆ క్షణాన నేను పొందిన లజ్జకు సంస్కృతంలో కూడా చాలినంత మాట లేదు.

సభ ముగియగానే సేటును పక్కకు పిలిచి, మేకులు తీయాలని, గద్దె పని ఆపాలని, నోటీసు ఇస్తానని చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

“సారుకే నోటీసిస్తవా? ఆయన కుర్చీల కూసుండి ఆయనకేనా?”

“సారుకు కాదు సేటూ. నీకు, నాకు.”

సేటు ఇసుకవైపు తిరిగాడు. కోపం దిగి, కళ్లు నిండాయి. “మరి సారును ఏడ పెట్టుకోవాల్నో చెప్పు,” అన్నాడు.

ఎక్కడ ఏది కట్టకూడదో మా చట్టంలో వివరంగా ఉంది. మనుషుల్ని ఎక్కడ ఉంచుకోవాలో లేదు.

మరునాడు ఇసుక ఎత్తించారు. మేకులు తీస్తుంటే నిచ్చెనను సేటే పట్టుకున్నాడు. చివరి మేకుతో పాటు ఒక హంస మెడ విరిగి ఊడింది. కింద పడకముందే ఆయన కండువా పట్టి ఆపాడు. దాన్ని అందులోనే చుట్టి నా చేతికిచ్చాడు.

విశ్వనాథం గారి మరణం తీరని లోటని సభలో ప్రతి వక్తా అన్నాడు. నిష్ఠ, హాస్యం, మొహమాటం లేని మమత ఒకే మనిషిలో ఇకపై దొరకవు. ఆయన పోయిన వారంలోనే ఆయన పేరు మీదే మేము చేసిన పని చూస్తే, ఆ మాట ఎవరికీ రుజువు చేయనక్కర్లేదు.

ఆ హంస మెడ సేటు కండువాలోనే నా బల్ల మీద ఉంది. శిల్పాల మరమ్మతు నిపుణులు వచ్చి అతికిస్తారు. ఎంత నేర్పుగా చేసినా అతుకు కనిపిస్తుందని ముందే హెచ్చరించారు. కనిపించనివ్వండి, పైన రంగు పూసి దాచొద్దని రాసి పంపాను. ఆ మహానుభావుడికి మా ఊరు, మా శాఖ తలవంచి అర్పించగల నివాళి అదొక్కటే.