అప్పడాలు ఎండేసిన రోజు నిద్రపోయిన వీధి

బరంపురం పక్కన అంకులిలో మా వీధికి పెళ్లిచూపులవాళ్లు వస్తున్నారంటే ముందు చేసే పని ఇల్లు సర్దడం కాదు, లూర్దు రాజ్యాన్ని ఊరు దాటించడం. "రాజ్యమక్కా, హుమ్మలో మీ తమ్ముణ్ని సూసి సేన్నాళ్లయింది కదా, ఎల్లి రా" అని బస్సెక్కించేసేవారు. ఎందుకంటే "కుర్రాడు తాగుతాడా" అని ఎవరైనా అడిగితే, తాగేవాడైతే తాగుతాడనే చెబుతుంది ఆవిడ. ఏ కొట్లో తాగుతాడో, తాగి ఏ కాలవలో పడతాడో కూడా చెబుతుంది. ఆవిడ నోటి మూలంగా చెడిపోయిన సంబంధాలన్నీ కుదిరి ఉంటే ఈపాటికి బరంపురంలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

రాజ్యం హుమ్మ ఉప్పుమళ్లలో పుట్టిన మనిషి. తండ్రి ఉప్పు మోసేవాడు. వాళ్లు తాతల నాటి నుంచీ కేథలిక్కులు. రాజ్యం చదివింది ప్రార్థన పుస్తకం ఒక్కటే. ఆవిడ జపమాల మొదలుపెట్టిందంటే విశాఖపట్నంలో బయలుదేరిన ప్యాసింజరు బరంపురం చేరేదాకా ముగియదు. మొగుడు తాపీమేస్త్రీ. అంకులిలో చిన్న మేడ కట్టాడు గాని, మెట్లు కట్టకముందే పోయాడు. ఈ రోజుకీ ఆవిడ మేడ ఎక్కాలంటే వెదురు నిచ్చెనే. అప్పణ్నుంచి అప్పడాలు చేసి బడా బజార్‌లో గౌరీశంకర్ గారి దుకాణానికి వేసి బతుకుతోంది.

మా వీధిలో అప్పడాలకి కూలి ఇవ్వడమనేది లేదు. ఇవాళ మీ ఇంట్లో పిండి దంచితే వీధి ఆడవాళ్లంతా పీటలూ అప్పడాల కర్రలూ పట్టుకుని మీ ఇంటికి వస్తారు. రేపు మీరు వాళ్ల ఇంటికి వెళ్లాలి. మినప్పిండిలో నల్లేరు రసం పోసి దంచిన ముద్ద ఆ పూటే ఒత్తెయ్యాలి. నిలవుంచితే పులుస్తుంది, పులిస్తే ఆవు కూడా ముట్టదు. అందుకే అక్కడ ఒంటరి మనిషికి అప్పడం లేదు.

వీధి చివర సిస్టర్లు ఆడపిల్లలకి బట్టలు కుట్టడం నేర్పే సెంటరు ఉంది. దాని గేటు పక్కన రాళ్లతో చిన్న గుహ కట్టి మరియమాత విగ్రహం పెట్టారు. కాపలా దాలయ్యది. దాలయ్య హిందువు. అయినా రోజూ పొద్దున్నే ఆ తల్లికి అగరొత్తి వెలిగించిగాని టీ తాగడు. మా వీధి పిల్లలు సగం మంది అక్కడే కుట్టు నేర్చుకున్నారు. చిట్టమ్మ కూతురు కుట్టిన జాకెట్లు వేసుకోని ఆడది అంకులిలో లేదు.

ఈ ఎండాకాలం ఎక్కడ పుట్టిందో ఒక పుకారు పుట్టింది. సిస్టర్లు పిల్లల్ని మతం మార్చేస్తున్నారట. ఎలాగయ్యా అంటే చెప్పేవాడు లేడు. సూదిలో దారం ఎక్కిస్తూ మార్చేస్తున్నారేమో మరి! పిల్లల్ని రోజూ పంపించే తల్లులు కూడా "అవునట" అని గుసగుసలాడారు. అట, అట అంటూ ఆ మాట ఊరంతా తిరిగి కర్రలు పట్టుకుని వచ్చింది.

మే నెల, మిట్టమధ్యాహ్నం. గౌరీశంకర్ గారి మేనల్లుడు శ్యామసుందర్ ఇంకొందరిని వెంటేసుకుని వచ్చి మరియమాత విగ్రహాన్ని ముక్కలు చేశాడు. అడ్డం వెళ్లిన దాలయ్యని నుదుటి మీద కొట్టాడు. పోలీసులు వచ్చారు. వచ్చి ఎవరిని పట్టుకెళ్లారు? దాలయ్యని. తాగి విగ్రహం మీద పడి, దాన్ని పగలగొట్టి, సాకు కోసం వేరేవాళ్ల పేరు చెబుతున్నాడట. దెబ్బ తిన్నవాడు ఠాణాలో, కొట్టినవాడు దుకాణంలో ఫ్యాను కింద! దీన్ని చూసి గోపాల్‌పూర్ సముద్రం పొంగి ఊరి మీదకి రాలేదంటే, ఆ సముద్రానికి కూడా సిగ్గు లేదనే అనాలి.

మర్నాడు శాంతి కమిటీ మీటింగు. పొద్దున్నే గౌరీశంకర్ గారు రాజ్యం ఇంటికి వచ్చారు. అప్పడాల కోసం తప్ప ఆయన ఆ గుమ్మం తొక్కిన రోజు లేదు.

"రాజ్యమ్మా, పెద్దోల్లందరం ఒక మాట అనుకున్నాం. దాలయ్య తాగి పడ్డాడు. నాలుగు రోజులు పోయేక నానే ఇడిపించెస్తాను. మీకు కొత్త బొమ్మ కొనిస్తాను. పాతదానికన్నా పెద్దది."

"ఆడు తాగలేదు బావూ."

"ఎప్పుడూ తాగడేటి?"

"పండక్కి తాగుతాడు. నిన్న పండగ కాదు."

"ఇనవే తల్లీ. మా శ్యాము ఉద్యోగానికి పరీచ్చలు రాస్తన్నాడు. కేసు పడితే ఆడి బతుకేటవుద్ది?"

"మరి దాలయ్య బతుకో?"

"ఆడికి పరీచ్చలేటీ లేవు కదా" అన్నాడాయన.

ఈ మాట గోడ ఇవతల నుంచి నేను చెవులారా విన్నాను. ఇంత మాట అన్నాక కూడా ఆయన నాలుక నోట్లోనే ఉంది, ఊడి కింద పడలేదు.

రాజ్యం తిన్నగా ఫాదర్ దగ్గరకి వెళ్లింది. ఆయన కుర్రవాడు, కొత్తగా వచ్చాడు. కొండల వైపు ఇలాంటి గొడవల్లో ఇళ్లు కాలిపోవడం చిన్నప్పుడు చూసినవాడు. "మనం తక్కువమందిమి అమ్మా, గోల పెరుగుతుంది. ప్రార్థన చేద్దాం" అన్నాడు.

"ప్రార్థన సేస్తానే ఉన్నాను ఫాదరూ. రేపు ఆదివారం పాపసంకీర్తనానికి వచ్చి, సూసి కూడా సూడలేదన్నాను అని సెప్పుకుంటాను. మీరు సెమిస్తారు. దేవుడూ సెమిస్తాడు. దాలయ్య మాత్రం ఆ గదిలోనే ఉంటాడు కదా."

ఫాదర్ చెప్పులు తొడుక్కుని "మీటింగుకి నేనూ వస్తాను" అన్నాడట.

మీటింగు మండపంలో. విగ్రహం పగిలినప్పుడు నేను రంభ ఊళ్లో పెళ్లిలో ఉన్నాను, కాబట్టి నన్నెవరూ ఏమీ అడగలేదు. కూర్చోవడం మాత్రం ముందు వరసలో, ఫాదర్ పక్కనే కూర్చున్నాను. థానాబాబు, అంటే ఎస్సై, ఒక్కొక్కరినీ అడిగాడు, ఏం చూశారని. వీధి వీధంతా ఒకటే పాట: మధ్యాహ్నం కదండీ, నిద్రపోయాం. సెంటరుకి ఎదురిల్లు చిట్టమ్మది. ఆవిడ కూడా చీర కొంగు చూసుకుంటూ "మజ్జాన్నం తొంగున్నాను బావూ, ఏటీ తెలీదు" అంది. కుంభకర్ణుడు కూడా ఇంత వరస తప్పకుండా నిద్రపోయి ఉండడు.

అప్పుడు రాజ్యం లేచింది.

"బావూ, నిన్న ఈ ఈదిలో అందరి మేడల మీదా అప్పడాలున్నాయి. మొన్న సాయంత్రం సిట్టమ్మ ఇంట్లో ఒత్తినవి, పక్కింటి శాంతి ఇంట్లో ఒత్తినవి, సోటు సాలక అందరం పంచుకుని ఎండేసినాం. నానే ఒత్తినాను. అప్పడాలు ఎండేసి ఏ ఆడది నిద్దరోద్ది? కాకులూరుకుంటాయా, కోతులూరుకుంటాయా? అందరం మేడల మీద గొడుగులేసుకుని కూకున్నాం. శ్యామసుందర్ని అందరం సూసినాం. ఆడు కర్రెత్తితే సిట్టమ్మ 'అయ్యో దాలయ్య' అని అరిసింది. నాకినబడింది."

నవ్వాపుకోలేక ఒక కానిస్టేబులు బయటికి వెళ్లిపోయాడు. వాళ్లావిడా అప్పడాలు ఎండేస్తుంది కాబోలు.

"మావుసీ, తమే నిజే దేఖిఛ?" అన్నాడు థానాబాబు ఒడియాలో, పిన్నీ, నీ కళ్లతో నువ్వే చూశావా అని.

"నా కల్లతోనే సూసినాను. రాసుకో. పేరు లూర్దు రాజ్యం."

వెనక నుంచి ఎవడో "నీ మతం కోసం సెప్తన్నావు" అని అరిచాడు. రాజ్యం అటు తిరిగి, "దాలయ్య నా మతపోడేట్రా? నీ మతపోడే. నివ్వు సెప్పాల్సింది నాను సెప్తన్నాను" అంది.

సాయంత్రానికి దాలయ్య ఇంటికి వచ్చాడు. శ్యామసుందర్ని తీసుకెళ్లారు, తీసుకెళ్లినంత త్వరగా బెయిలిచ్చి పంపారు. వెంట తిరిగేవాళ్లు దండలు వేసి మోటారుసైకిళ్ల మీద ఊరేగించారు. చంద్రమండలం మీద దిగి వచ్చినవాడికి కూడా అన్ని పూలు వెయ్యరు. గౌరీశంకర్ గారు రాజ్యం అప్పడాలు ఇక అక్కర్లేదన్నారు.

అది ఆవిడ ఎదురు చూసిందే. ఎదురు చూడనిది ఇంకోటి జరిగింది. ఆ వారంలో ఆవిడ వంతు వచ్చింది. పిండి దంచి, ముద్ద నూనె గుడ్డలో చుట్టి, చాప పరిచి కూర్చుంది. ఒక్కరూ రాలేదు. ఈవిడ ఒత్తిపెట్టిన అప్పడాలు ఇంకా డబ్బాల్లో ఉన్న ఇళ్లు అవన్నీ! ఒకావిడకి తలనొప్పి, ఒకావిడకి చుట్టాలు, శాంతికి ఏకాదశి. ఏకాదశి దాటి అప్పటికి మూడు రోజులైంది.

దాలయ్య నుదుటి కట్టుతోనే వచ్చి కూర్చున్నాడు. అతను ఒత్తిన అప్పడాల్లో ఒక్కటీ గుండ్రంగా లేదు. ఒకటి చిలికా సరస్సులా ఉంది, ఒకటి చెప్పులా ఉంది. రాజ్యం వాటిని తిట్టుకుంటూనే నిచ్చెన ఎక్కి ఎండేసి వచ్చింది. ముద్ద ఇంకా సగం మిగిలే ఉంది. కింద ఒత్తుతుంటే పైన కాపలాకి మనిషి లేడు.

ఎదురు మేడ మీద చిట్టమ్మ బట్టలు ఆరేస్తోంది. చాలాసేపటి నుంచీ ఒకే చీర ఆరేస్తోంది.

ఉన్నట్టుండి అక్కణ్నుంచి కేక వినబడింది. "రాజ్యమక్కా, కాకులు. నీ అప్పడాల మీద కాకులు."

రాజ్యం వాకిట్లోకి వచ్చి తల పైకెత్తింది.

"నిద్దర లేసినావేటే సిట్టమ్మా?"

చిట్టమ్మ ఒక పెంకు ముక్క తీసి కాకుల మీదకి విసిరింది. కాసేపటికి పీట చంకన పెట్టుకుని, వీధిలో ఎవరి గుమ్మం వైపూ చూడకుండా వచ్చి, పిండి ముద్ద ముందు కూర్చుంది. రాజ్యం ఆవిడ వైపు ముద్ద తోసింది గాని, మాట కలపలేదు.

మిగతా వీధి ఇంకా నిద్రపోతూనే ఉంది.