ఒంటికాయ సొంటికొమ్ము డాక్టరు గారి రాక్ కచేరీ

పళ్ళ డాక్టరు గారికి ఉన్న పిచ్చి ఒక్కటే. రాక్ కచేరీలకి వెళ్తారు, ఒంటరిగానే వెళ్తారు. చెప్పులు కొనుక్కోవడానికి కూడా భార్య తోడు కావాలనే మనిషి, కచేరీ అనేసరికి ఒంటికాయ సొంటికొమ్ము. బంధువులంతా ఆయన్ని చాటుగా సొంటికొమ్ము అనే అంటారు.

పోనీ అవేమైనా పేరున్న బ్యాండ్లా అంటే, కాదు. సొంతంగా పాటలు కట్టుకుని, సొంతంగా గిటార్లు మోసుకొచ్చుకుని, కన్నవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియని ఇండీ రాక్ బ్యాండ్లు. వాటికోసం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు అద్దంలా పాలిష్ చేసుకుని, పంటి నొప్పితో వచ్చినవాళ్ళకి "ఈ పూటకి రెండో పక్క నమలండి" అని చెప్పి క్లినిక్ మూసేస్తారు.

ఓసారి బావమరిది అడిగాడు. "బావా, నేనూ వస్తాను."

"నువ్వొద్దు. మాట్లాడతావు."

"అక్కడ నోరు విప్పితే ఒట్టు."

"ఇప్పుడు విప్పావుగా."

పొద్దస్తమానం కూర్చోబెట్టినా పెదవి కదపని వియ్యంకుడు అడిగితే, "మీరు తల ఊపుతారు బావగారూ, అదీ మాటే" అన్నారు.

భార్యకి మాత్రం ఆ మాట చెప్పే ధైర్యం లేక "నీకు ఆ చప్పుడు పడదు" అని తప్పించుకునేవారు. ఆవిడది లైబ్రరీలో ఉద్యోగం. చప్పుడు పడదన్నది నిజమే. కానీ ఆడపడుచు ఊరుకుంటుందా?

"వదినా, అన్నయ్య బూట్లు చూశావా? అంత పాలిష్ పాట కోసమే అయితే నా చెవి కోసిస్తాను."

అనుమానం పంటిలో ఇరుక్కున్న పీచు లాంటిది. నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది. ఆ శనివారం సాయంత్రం భార్య కూడా ఓ టికెట్ కొనుక్కుని ఆయన వెనకే బయల్దేరింది.

అదొక పాత గోదాము. పైన రేకులు, మధ్యలో ఇనుప స్తంభాలు. జనం పలచగా ఉన్నారు. ఆవిడ ఒక స్తంభం చాటున నిలబడి వెతికింది. వేదికకి ఎదురుగా, చిరుగుల జీన్సుల మధ్య, ఒకే ఒక్క ఇస్త్రీ చొక్కా. పక్కన ఎవరూ లేరు.

డ్రమ్ము మోగింది. ఆవిడ చెవులు మూసుకుంది. మోత చెవుల్లోంచి రాలేదు. అరికాళ్ళలోంచి పాకి వచ్చి పక్కటెముకల్లో నిలబడింది. కాసేపటికి చేతులు వాటంతటవే కిందికి దిగాయి. ఇన్నాళ్ళూ చప్పుడని తలుపేసుకున్న దాని లోపల ఇంత విశాలమైన చోటు ఉందని ఆవిడకి తెలియదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

అంతలో గిటారు తీగ తెగింది. పాడుతున్న అమ్మాయి తడబడి ఆగిపోయింది. జనం ఎవరి స్నేహితుల వైపు వాళ్ళు తిరిగి కబుర్లలో పడ్డారు. ఆ పిల్ల బిక్కచచ్చి హాలంతా చూసింది. ఎటు చూసినా చెంపలే. మొహం ఒక్కటే, డాక్టరు గారిది. ఆయన పాట ఇంకా నడుస్తున్నట్టే, కళ్ళార్పకుండా ఆమెనే చూస్తున్నారు.

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది. గిటారు లేకుండానే, ఉత్త గొంతుతో అందుకుంది. కబుర్లు ఒక్కొక్కటే చల్లారిపోయాయి. చివరికి రేకుల కింద ఆ గొంతొక్కటే మిగిలింది.

కచేరీ అయ్యాక తలుపు దగ్గర భార్యని చూసి డాక్టరు గారు కొయ్యబారిపోయారు.

"నువ్వా? ఎవరితో వచ్చావు?"

"ఒక్కదాన్నే. మీలాగే."

"ఎలా ఉంది?"

"మోత ఇంకా పక్కటెముకల్లోనే ఉంది. సరేగానీ, మీరెవర్నీ వెంట ఎందుకు తేరు?"

ఆయన సిగ్గుపడ్డారు. "ఇద్దరం వస్తే ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. పాడేవాళ్ళకి చెంపలే కనిపిస్తాయి. కొత్తగా పాడుతున్న పిల్లలు కదా, బెదిరితే చూసుకోడానికి ఒక్క మొహమైనా ఉండాలి."

"మరి ఆ బూట్లు?"

"వేదిక మీంచి కనపడేది మనమేగా. కాస్త చూడబుద్ధేయాలి."

దారి పొడుగునా ఆవిడ ఆ పాటే కూనిరాగం తీసింది.

ఇప్పుడు ఇద్దరూ ఒకే కారులో వెళ్తారు. గేటు దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్ళలా విడిపోతారు. ఆయన ఎడమ చివర, ఆవిడ కుడి చివర.

మొన్న వైర్లు సర్దుకుంటున్న డ్రమ్మరు డాక్టరు గారి వైపు వంగి అన్నాడు. "అంకుల్, ఆ చివరున్న ఆంటీ పాపం ప్రతిసారీ ఒక్కరే వస్తున్నారు. మీకేమైనా తెలుసా?"

డాక్టరు గారు అటు తిరిగి తీరిగ్గా చూశారు.

"తెలియదు బాబూ. కచేరీ అయ్యాక పరిచయం చేసుకుంటాను."