పాత మేజోళ్ళు తీసుకురండి

నోరు జారి ఉద్యోగం మీదికి తెచ్చుకున్నవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. కాళ్ళకి తొడుక్కునే వస్తువు పేరు పలికి ఆ పని చేసినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే అని నా గట్టి నమ్మకం. ఎంత ఘోరం జరిగిందో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

అరవై తొమ్మిదో సంవత్సరం. కాకినాడ నుంచి చిక్కడపల్లిలో ఉన్న మా అక్కయ్య, బావగారి దగ్గరికి వచ్చాను. ట్రైనింగు పాసయ్యానన్న పొగరు నా కొప్పుకంటే ఎత్తుగా ఉండేది. ఊళ్ళో గొడవల వల్ల చాలాకాలం మూతపడిన బడులు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. నారాయణగూడలో ఒక చిన్నపిల్లల బడికి టీచరు కావాలంటే వెళ్ళాను.

ఆ బడి పెద్ద టీచరు ప్రమీలాదేవి గారు. తాతల నాటి నుంచి ఆ పేటలోనే ఉన్న కుటుంబం. కళ్ళద్దాల పైనుంచి నన్నొకసారి, నా సర్టిఫికెట్టునొకసారి చూశారు.

"చదువు మంచిగనే ఉన్నది. గని నీ తెలుగు మా పిల్లలకు సమజైతదా? గదే నా పరేషాన్."

"సమజు కాకపోవడమేమిటండీ! నేను మాట్లాడితే పాలు తాగే పిల్లలు కూడా తలూపుతారు."

"పాలు తాగేటోళ్లు ఫ్యాను గాలికి గూడ ఊపుతరమ్మా. శనివారం సాయంత్రం తల్లులొస్తరు. వాళ్ల ముందట పిల్లలతోని ఏమన్న జేసి చూపెట్టు. నీ మాట పిల్లలకు తెలిసిందనుకో, ఉంటవు. లేకుంటే..."

లేకుంటే కాకినాడే. కాకినాడ అంటే మా నాన్నగారు. 'నే చెప్పలేదూ!' అనే ఒక్క ముక్క అనడానికి ఆయన వీధరుగు మీద పడక్కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఆ ముక్క వినడం కంటే హుస్సేన్‌సాగర్ చుట్టూ కుంటికాలితో పరిగెత్తడం నయం.

ట్రైనింగులో జంతువుల బొమ్మలు చెయ్యడం నేర్పారు. పాత మేజోడు తీసుకుని లోపల చెయ్యి దూర్చి, వేళ్ళు ఆడిస్తే అదే నోరు. గుండీలు కుడితే కళ్ళు, గుడ్డపేలికలు కుడితే చెవులు. పెళ్ళికి పిలవని గాడిద అలిగిన కథ ఒకటి సొంతంగా అల్లుకున్నాను. శనివారం పొద్దున పిల్లలతో బొమ్మలు చేయించడం, సాయంత్రం వాళ్ళచేతే ఆడించడం, ఆ తరవాత నా చేతికి ఉద్యోగం కాగితం. అలా ఉంది నా లెక్క.

శుక్రవారం పిల్లలందర్నీ కూర్చోబెట్టి అచ్చ తెలుగులో ఉపన్యసించాను. "రేపు అందరూ ఇంట్లో ఉన్న పాత మేజోళ్ళు తీసుకురండి. నాన్నవైనా సరే, తాతవైనా సరే. ఎంత పాతవైతే అంత మంచిది. చిరుగులున్నా ఫర్వాలేదు కానీ, శుభ్రంగా ఉతికి తేవాలి. లోపల చెయ్యి పెట్టి ఆడిద్దాం. చెవులు కుడదాం. తోకలు తగిలిద్దాం. ఒకటి కుందేలు, ఒకటి నక్క, ఒకటి గాడిద!"

పిల్లలు నోళ్ళు తెరిచి విన్నారు. ముందు వరసలో కూర్చునే బాలమణి లేచి నిలబడింది. రెండు జడలు, ఊడిన ముందుపళ్ళు, ప్రతి మాటా తేల్చుకునే రకం.

"టీచర్, మా తాత మేజోళ్లే! రేపు పొద్దుగాల్నే తోల్కొస్త!"

మేజోళ్ళని తోలుకురావడమేమిటి, గొడ్లా గోదా అని ఒక్క క్షణం అనిపించింది. ఇక్కడి మాటతీరు అంతేలే అనుకుని, "భేష్! తప్పకుండా తీసుకురా" అన్నాను. చూశారా, నా గొయ్యి నేను తవ్వుకుంటూ పలుగు కూడా నేనే అందించాను.

శనివారం పొద్దున్న గేటు దగ్గర బాలమణి ప్రత్యక్షమైంది. చేతిలో మేజోడు లేదు. ఆ చేత్తో ఒక ముసలాయన వేలు పట్టుకుని ఉంది. ఆయన భుజాన తువ్వాలు, చంకలో రంపం, చేతిలో పనిముట్ల సంచి. అప్పుడే తలంటుకున్నట్టు జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నమస్తే టీచరమ్మా. నా పేరు వీరాచారి. మేజోళ్లను రమ్మన్నరట గద?"

"మిమ్మల్నా? నేనా?"

"అవునమ్మా. పాతోళ్లే గావాలె అన్నరట. కవాడిగూడల నాకంటే పాతోడు లేడు. తానం జెయ్యందే తోల్కరావద్దు అన్నరని మా మనుమరాలు తెల్లారకముందే బకెట నీళ్లు నెత్తిన గుమ్మరించింది."

బాలమణి ఆయన బనీను పైకెత్తి చూపించింది. "టీచర్, ఈడ చిరిగింది. నడుస్తది అన్నవ్ గద?"

అప్పటికీ నాకు బోధపడలేదు. ఇంతలో అశోక్‌నగర్ వైపు నుంచి వచ్చే పిల్లలు ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చారు. ఒకాయన చేతిలో బాడిస, ఇంకొకాయన చేతిలో సుత్తి. ఇద్దరి తలలూ తడిసే ఉన్నాయి. వాళ్ళలో చిన్నాయన నాకు దూరంగా నిలబడి వీరాచారి చెవిలో ఏదో గొణిగాడు. వీరాచారి మొహం పాలిపోయింది.

"అమ్మా, ఒక్క మాట. పోరగాళ్లు జెప్తున్నరు... మాకు చెవులు కుడ్తరట?"

"అయ్యో, మీకు కాదండీ!"

"తోకలు పెడ్తరట?"

"అదీ మీకు కాదు!"

"లోపట చెయ్యి వెట్టి ఆడిస్తరట! ఏ లోపటమ్మా? నాకసలే కడుపునొప్పి!"

సరిగ్గా అప్పుడే ప్రమీలాదేవి గారు రిక్షా దిగారు. గేటు నిండా రంపాలు, సుత్తులు, తడితలలు, మధ్యలో చెమటలు కక్కుతూ నేను.

"ఏందిది? బడిని గిట్ల పీకేస్తున్నమా?"

"లేదండీ, నేను పిల్లల్ని మేజోళ్ళు తెమ్మన్నాను..."

"వచ్చిండ్రు గద మేజోళ్లు! మేజులు జేసేటోళ్లు. ఎందుకు పిలిచినవ్?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. ఇక్కడ బల్లని మేజు అంటారు. పాలమ్మేవాళ్ళు పాలోళ్లు. మరి మేజులు చేసేవాళ్ళు మేజోళ్లు కాక ఇంకేమవుతారు? పిల్లలకి నా మాట అర్థం కాకపోవడం కాదు, అవసరానికి మించి అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. నా పాదం ముందుకి చాచి చూపించి ఏడుపుగొంతుతో అన్నాను.

"మేజోళ్ళంటే ఇవండీ! అంటే, ఇప్పుడు లేవు. బూట్ల లోపల వేసుకునేవి!"

"ఓ, మోజాలా!" అన్నారు ప్రమీలాదేవి గారు.

"మోజాలా!" అన్నారు వడ్రంగులు ముగ్గురూ, ప్రాణం లేచొచ్చి.

"మోజాలు అనరాదా టీచర్!" అని పిల్లలంతా నన్నే కేకలేశారు.

ప్రమీలాదేవి గారు నవ్వలేదు. "సాయంత్రం తల్లులొస్తరు. ఏం జేస్తవో జేస్కో" అని లోపలికి వెళ్ళిపోయారు. నా కళ్ళముందు వీధరుగు, పడక్కుర్చీ, నాన్నగారు కనిపించారు. ఏడుపు తన్నుకొచ్చింది.

బాలమణి నా కొంగు లాగింది. "టీచర్, తాతలను వాపస్ తోల్కపోవాల్నా? మా తాత గాడిదైతడు. ఆయన తీరు ఓండ్ర పెట్టుడు ఎవ్వలకు రాదు!"

"కడుపుల చెయ్యి వెట్టకుంటే అయిత" అన్నాడు వీరాచారి.

అప్పుడు ఆయన భుజం మీది తువ్వాలు చూశాను. లాక్కున్నాను. రెండు మూలలు ముడి వేసి, కింద చెయ్యి దూర్చి ఆడించాను. కుందేలు! పిల్లలు అరిచిన అరుపుకి గేటు మీది కాకులు లేచిపోయాయి. ఇంకో తువ్వాలుకి కొబ్బరిపీచు తోక కడితే నక్క. పనిముట్ల సంచి బోర్లించి, అట్టముక్క చెవులు కుడితే గాడిద. గుండీలు వడ్రంగుల చొక్కాలవే, పాపం వాళ్ళు అడక్కుండానే తెంపి ఇచ్చారు. బడిలో ఎప్పట్నుంచో కుంటుతున్న బల్ల కాలు బిగించి, దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, దాని వెనక పిల్లల్ని కూర్చోబెట్టారు.

సాయంత్రం తల్లులొచ్చారు. నేను గొంతు సవరించుకుని, "అనగనగా ఒక గాడిద. దానికి పెళ్ళిపిలుపు రాలేదని మూతి ముడుచుకుంది" అన్నాను.

బల్ల వెనక నుంచి బాలమణి తల పైకి లేచింది. నా మీద నమ్మకం పోయిందేమో, నేనన్న ప్రతి ముక్కా వాళ్ళ మాటలోకి మార్చి చెప్పడం మొదలుపెట్టింది. "ఒక గాడిద ఉండె. దాన్ని లగ్గానికి పిలువలే. మస్తు గుస్సయింది!"

తల్లులు పగలబడి నవ్వారు. నేనొక ముక్క, అదొక ముక్క. కుందేలు బతిమాలింది, నక్క వెక్కిరించింది. గాడిద ఏడవాల్సిన చోట వీరాచారి బల్ల వెనక నుంచి ఒక్క ఓండ్ర పెట్టాడు. ఆ ఓండ్రకి రోడ్డున పోయే రిక్షావాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు. నవ్వకూడదని బిగబట్టుకు కూర్చున్న ప్రమీలాదేవి గారి కళ్ళద్దాలు ఒళ్ళో పడ్డాయి. తల్లులు వదలకుండా కథ మళ్ళీ ఆడించారు.

అంతా అయ్యాక ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "నీ తెలుగు మా పిల్లలకు సమజైతదని నేను ఇప్పటికీ అనను. గని మా పిల్లలు నీకు నేర్పుతరు. సోమవారం సంది రా."

ఎగిరి గంతేశాను. చిక్కడపల్లి దాకా నడిచానో తేలానో ఇప్పటికీ గుర్తులేదు. ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ నన్ను అందరూ మేజోళ్ల టీచరనే పిలిచారు. ఆ మాట ఇక జన్మలో పలకనని, మోజాలనే అంటానని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

సెలవులకి కాకినాడ వెళ్ళినప్పుడు నాన్నగారిని వెంటబెట్టుకుని దర్జాగా బట్టలకొట్టుకి వెళ్ళాను. నా మొదటి జీతంతో ఆయనకి బహుమతి కొనాలని.

"మా నాన్నగారికి మంచి మోజాలు చూపించండి" అన్నాను.

కొట్టాయన నాన్నగారిని ఎగాదిగా చూసి, "ఈ వయసులో ఆయనకి కొత్త మోజులేమిటమ్మా!" అన్నాడు.

అందుకని, పాఠకమహాశయులారా, మీ ఎదుట త్రికరణశుద్ధిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ కట్టె కాలేవరకు ఆ వస్తువు పేరు ఏ ఊళ్ళోనూ, ఏ తెలుగులోనూ ఎత్తను. మా ఇంట్లో అందరం చెప్పులే వేసుకుంటాం.