ఎండుచేపల దండెం మీద నల్లసిరా

ఆ ఏడు కార్తీకం వానలకి మిషనుపేట చర్చి కప్పు కారింది. కారితే కారింది, కారడానికి దానికి దొరికిన చోటు చూడండి: సరిగ్గా బీరువా నెత్తిమీద. ఆ బీరువాలో సంఘం పుస్తకం ఉంది. డెబ్బై నాలుగేళ్లుగా ఆ చర్చిలో బాప్తిస్మం పుచ్చుకున్న ప్రతి మనిషి పేరూ, తండ్రి పేరూ, తేదీ అందులోనే ఉన్నాయి. పాస్టరు ఇమ్మానుయేలు అయ్యగారు పుస్తకం తెరిచేసరికి పేజీలు నీలిమందు పెట్టిన పంచెల్లాగున్నాయి. సగం పేర్లు మరకలైపోయేయి. మిగతా సగం నీళ్లు తగలకుండానే ఎప్పుడో పాలిపోయేయి.

ఆదివారం ఆరాధన అయ్యేక అందరూ కూచున్నారు. మార్చి నెలాఖరుకి చర్చికి డెబ్బై ఐదేళ్ల జూబిలీ. అప్పటికి కొత్త పుస్తకం కావాలి. సంఘం సెక్రటరీ స్టాన్లీ లేచేడు. అతనికి శ్రీకాకుళంలో కంప్యూటరు షాపు ఉంది. "పేర్లన్నీ నాకిచ్చీండి. రెండ్రోజుల్లో ప్రింటు కొట్టి బైండింగు సేయించి తెస్తాను. ఖర్చు నాదే," అన్నాడు. పెద్దలందరూ తలలూపేరు. ఖర్చు నాదే అన్నవాడి మాటకి తలూపని సంఘం ఎక్కడైనా ఉందా?

ఆడవాళ్ల చాప మీంచి కృపారాణి లేచింది.

"నాను రాస్తాను, అయ్యగారూ. సేత్తో."

కృపారాణి అంటే స్టాన్లీకి స్వయానా వదిన. అన్న సత్యరాజు భార్య. యాభై ఆరేళ్ల మనిషి, ఏడో తరగతి దాకా చదువుకుంది, ఇరవై ఎనిమిదేళ్లుగా అంగన్వాడీ టీచరు. పిల్లల బరువులు, బాలింతల లెక్కలు, పప్పు, నూనె, అన్నీ రిజిస్టర్లే. ఆవిడ అక్షరం చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది, ముత్యాలకి దారం ఎక్కించినట్టుంటుంది. కానీ చర్చిలో ఆవిడ చేతికి ఎప్పుడూ చీపురొచ్చింది, టీ పళ్లెం వచ్చింది, పూలదండ వచ్చింది. పెన్ను రాలేదు. సంఘం పుస్తకం మగవాళ్లే రాసేరు, అదీ సంగతి. ఎందుకని అడిగిన వాళ్లూ లేరు, చెప్పిన వాళ్లూ లేరు.

స్టాన్లీ నవ్వేడు. "వదినా, నువ్వు అంగన్వాడీలో కోడిగుడ్లు రాసుకో. సంఘం సంగతి కంప్యూటరు సూసుకుంటాది."

"ఒరే స్టాన్లీ, నీ కంప్యూటరుకి కరెంటు పోతే కళ్లుండవు. నా సేతికి కరెంటక్కర్నేదు."

"సేత్తో రాసిందే కదేటి, ఇలగైపోనాది?"

అది నిజం. నీళ్లలో పోయినవన్నీ చేత్తో రాసినవే.

అయ్యగారు ఇద్దరినీ చూసి చెప్పేరు. "రాసిన పేరు ఉండాలమ్మా. అదొక్కటే నా పట్టుదల. ఎండకి పాలిపోకూడదు, నీళ్లకి పోకూడదు. అలాంటి సిరా ఫిబ్రవరి ఆఖరులోగా నా బల్లమీద పెట్టు. పుస్తకం నువ్వే రాద్దువుగాని. తేలేకపోతే స్టాన్లీ ప్రింటుకి వెళ్దాం."

అంతే. ఆ రోజునుంచీ కృపారాణికి అన్నంలో కూడా సిరాయే కనిపించింది.

ఆవిడకి తండ్రిచ్చిన రాజమండ్రి పెన్ను ఒకటుంది. నల్లటి కర్రముక్కలాగుంటుంది, మూత విప్పి ఫిల్లరుతో చుక్కచుక్కా సిరా పోసుకోవాలి. సిరా మాటకొస్తే, ఆవిడ తాత కరక్కాయలు దంచి సిరా కాసేవాడు. ఆ రాతలు ఇప్పటికీ ఇంట్లో రేకుపెట్టెలో ఉన్నాయి, కాకిరెక్కలాగ నల్లగా. ఇంకేం కావాలి? కరక్కాయలు, అన్నభేది, తుమ్మబంక తెచ్చి మట్టిచట్టిలో మూడు రోజులు మరిగించింది. వీధంతా ఒకటే కషాయం వాసన. ఎవరికి జ్వరమని అడిగిపోయేరు జనం. చట్టిలో సిరా నిగనిగలాడింది. తాత ఈకతోనూ, రెల్లుపుల్లతోనూ రాసేడన్న సంగతి మాత్రం ఆవిడకి తట్టలేదు. పెన్నులో పోసింది. రెండు పేర్లు రాసింది. మూడో పేరుకి పెన్ను నోరు మూసుకుంది. తుమ్మబంక పాళీలో గట్టిపడి కూచుంది.

సత్యరాజు అరుగుమీంచి చూసేడు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి, మాట టిక్కెట్టులాగ చించి ఇస్తాడు. "పోన్లే, సిరా మంచిదే. పెన్నులోంచి బయటికి రావటం నేదు గాని, నీళ్లకి మాత్రం పోదు."

"నవ్వు మావా, నవ్వు. రేపు నీ పాసు మీద ఇజీనారం ఎల్దుం, లెగు."

పెన్ను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఒక పూట పాళీ, ఇంకో పూట దాని కిందుండే నాలుక కడిగి బతికించుకుంది. ఆ వారమే విజయనగరం వెళ్లేరు. గంటస్తంభం దగ్గర నాలుగు స్టేషనరీ షాపులు తిరిగి మూడు రకాల నల్లసిరాలు కొంది. నాలుగో షాపు చీకటి కొట్టు. జగన్నాధం అనే ముసలాయన గల్లాపెట్టె వెనకాల కునుకుతున్నాడు. సంగతంతా విని, నిచ్చెనెక్కి, పై అరలోంచి లేబులు ఊడిపోయిన బుడ్డి ఒకటి దించేడు.

"పూర్వం రిజిస్ట్రారు ఆఫీసులోళ్లు ఇదే అడిగీవోరమ్మా. ఇప్పుడడిగీవోళ్లు నేరు. గడ్డ కట్టనేదు, సూసుకో." బుడ్డి ఊపి చూపించేడు. "ఒక్క మాట. తొందరపడకు దీన్తోటి."

ఏం తొందర, ఎందుకు తొందర అని గుచ్చి గుచ్చి అడిగింది. ముసలాయన మళ్లీ కునుకులోకి పోయేడు.

ఇంటికొచ్చి నాలుగింటితోనూ రాసి చూసింది. చూసి నాలుగింటికీ పేర్లు పెట్టింది. మొదటిది పెళ్లికూతురు. తడి మీద తళతళలాడుతుంది, అందరి కళ్లూ దానిమీదే. రెండోది మునసబుగారు. చిక్కగా దర్జాగా ఉంటుంది గాని నాలుగు పేర్లకోసారి పెన్ను విదిలిస్తేనే కదులుతుంది. మూడోది ఏడుపుగొట్టు. తడివేలు తగిలితే చాలు కారిపోతుంది. జగన్నాధం బుడ్డిది మాత్రం పాలిపోయి, బూడిదనీలంగా, ఉందా లేదా అన్నట్టుంది. దానికి మూగది అని పేరు పెట్టి పక్కన పడేసింది.

రెండ్రోజులు పోయేక ఓ పొద్దున్న బుల్లమ్మ చేపల తట్టతో వచ్చింది. బుల్లమ్మది కళింగపట్నం, మొగుడు గంగులు వేటకెళ్తాడు, ఆవిడ పచ్చివి తిరిగి అమ్ముతుంది, మిగిలినవి రేవులో ఎండబెడుతుంది. పదిహేనేళ్లుగా ఆ వీధికి ఆవిడే. అరుగంతా కాగితాలు పరిచి ఉంటే తట్ట దించి నిలబడింది.

"ఏటి కృపమ్మా, పరీక్షలేటి?"

చెప్పింది కృపారాణి. ఎండలో పెడితే పిల్లలు పీకేస్తున్నారు, డాబా మీద పెడితే కోతులు. బుల్లమ్మ పకపకా నవ్వింది.

"నాకియ్యి. మా సేపల దండేనికి కడతాను. సముద్రం ముందర ఎండ, మంచు, ఉప్పుగాలి, మూడూ ఒకేసోట. మా దండెం మీద పది దినాలు నిలిసిందంటే అది ఇంకెక్కడా సావదు."

కృపారాణి మూడు సిరాలతోటీ మూడు చీటీల మీద తన పేరు రాసి ఇచ్చింది. స్టాన్లీ షాపునుంచి తెప్పించిన ప్రింటు చీటీ కూడా కలిపింది, న్యాయం న్యాయమే. బుల్లమ్మ నాలుగో బుడ్డికేసి చూసింది.

"అదేటి, దానికి మాత్రం ఎండ సూపించవా?"

"అది పాలిపోయిందే, బుల్లీ. రాసినప్పుడే నేదు, ఇంకేటి నిలుస్తాది?"

"కృపమ్మా, వలలో పడ్డాక సిన్నదా పెద్దదా అని సూసి ఎండబెడతామేటి? రాసియ్యి."

రాసిచ్చింది.

పదో రోజున చూద్దామనుకున్న మనిషి, నాలుగో రోజుకే ఉండలేక బస్సెక్కింది. రేవులో దిగితే ఇసకంతా నెత్తళ్లు పరిచి ఉన్నాయి, దండేలకి పొడుగు చేపలు వేలాడుతున్నాయి, వాటి మధ్య బట్టల పిన్నులు పెట్టి ఆవిడ చీటీలు. వెళ్లి చూసింది. పెళ్లికూతురు ఊదారంగుకి దిగిపోయింది. ఏడుపుగొట్టు మొదటి మంచుకే ఏడ్చి ఏడ్చి పోయింది. స్టాన్లీ ప్రింటు మబ్బు ముక్కలాగుంది. మునసబుగారు నల్లగానే నిలబడ్డారు, కాదనలేం. ఐదో చీటీ దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"బుల్లీ, దీని మీద ఎవరు రాసేరే?"

"నువ్వే గదేటి! మర్నాటికే నల్లబడిపోనాది. మొన్న కెరటం కొట్టి తడిసింది కూడాను. అలగే ఉన్నాది."

మూగది. రాసినప్పుడు నోరు విప్పని మూగది, గాలి తగిలే కొద్దీ నల్లబడి కాగితంలోకి వేరు దిగిపోయింది. తొందరపడొద్దని జగన్నాధం ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. మునసబుగారంత నలుపు, కానీ పెన్నులో పంపునీళ్లలాగ నడుస్తుంది. కృపారాణి ఆ చీటీ పట్టుకుని ఇసకలో నిలబడి, చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లందరికీ చూపించింది. చదువురాని వాళ్లు కూడా నలుపుని నలుపని చెప్పగలరు. "ఇదే అమ్మా, ఇదే!" అన్నారు.

పది రోజులూ పూర్తయ్యేక ఆదివారం చీటీలన్నీ చర్చి బల్లమీద పరిచింది. పెద్దలు ముందు ముక్కులు మూసుకున్నారు, తర్వాత వంగి చూసేరు. చర్చిలో అంత ఎండుచేపల కంపు అంతకు ముందెన్నడూ లేదు.

స్టాన్లీ ఊరుకుంటాడా? "నువ్వే రాసేవు, నీ స్నేహితురాలే ఎండబెట్టింది. నాలుగో దినం వెళ్లి మళ్లీ దిద్దేవేమో, ఎవులికి తెలుసు?"

కృపారాణి ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. పెన్ను మూత విప్పి అతని చేతిలో పెట్టింది.

"అయితే నువ్వే రాయి మరిదీ. నీ పేరు, నీ సేత్తో. నీ ప్రింటు కూడా పక్కన పెట్టు. రెండూ అయ్యగారి బీరువాలో తాళమేసి ఉంచండి. బుధవారం కూడికకి తీద్దుం, అందరి ఎదురుగా నీళ్లలో ముంచుదుం."

రాసేడు స్టాన్లీ. పాలిపోయిన తన పేరు చూసుకుని మీసం కూడా దువ్వేడు. "ఇదా నీ సిరా!" అన్నాడు.

బుధవారం కూడికకి ఎప్పుడూ పదిహేనుమంది వస్తారు. ఆ బుధవారం నిలబడడానికి చోటు లేదు. బుల్లమ్మ కూడా తట్ట గుమ్మంలో దించి వచ్చింది. అయ్యగారు తాళం తీసేరు. ప్రింటు చీటీ బకెట్లో వేసేరు. నాలుగు నిమిషాలకి 'స్టాన్లీ' అనే అక్షరాల చుట్టూ పొగ లేచింది, పదో నిమిషానికి నీళ్లు మసకేసేయి, చీటీ తెల్లబోయింది. చేత్తో రాసిన చీటీ వేసేరు. పదినిమిషాలు. పావుగంట. అయ్యగారు వేలితో రుద్దేరు కూడాను. పైకి తీసి, నీళ్లు కారుతుంటే స్టాన్లీకే ఇచ్చేరు.

"చదువు బాబూ."

స్టాన్లీ చదివేడు. తన పేరు తనే. బొగ్గులాగ నల్లగా, ఒత్తు పోకుండా, దీర్ఘం పోకుండా. ఒక్క క్షణం ఆ కాగితాన్నీ, వదిననీ మార్చి మార్చి చూసేడు. అప్పుడు నవ్వేడు, ఈసారి వేరే నవ్వు. "ఓడిపోనాను వదినా. నా పేరే నన్ను ఓడించింది."

ఆడవాళ్ల వైపునుంచి లేచిన చప్పట్లు ఆగడానికి అయ్యగారు ప్రార్థన మొదలెట్టాల్సొచ్చింది.

మర్నాడే సత్యరాజు పాసు మీద వెళ్లి జగన్నాధం కొట్లో ఉన్న ఆరు బుడ్డీలూ తెచ్చేడు. ఫిబ్రవరి, మార్చి కృపారాణి అంగన్వాడీ నుంచి తిన్నగా చర్చికే వెళ్లేది. పోయిన పేర్ల కోసం ఇంటింటికీ తిరిగి, ముసలమ్మల్ని తవ్వి తవ్వి అడిగింది. ఎవరి పెదనాన్న పేరేంటి, ఎవరు ఏ ఏడు బాప్తిస్మానికి మునిగేరు, అన్నీ. మూడు వందల పన్నెండు పేర్లు. ఒక్క కొట్టివేత లేదు. జూబిలీ రోజున అయ్యగారు పుస్తకం ఎత్తి చూపించి, రాసినవారి పేరు కూడా చదివేరు. అదే పూట సంఘం తీర్మానించింది: ఇకమీదట ఆ పుస్తకమూ, పెన్నూ కృపారాణి దగ్గరే ఉంటాయి. తీర్మానం ప్రతిపాదించింది స్టాన్లీ.

మే నెలలో వంశధారలో బాప్తిస్మాలు. ఐదుగురు పిల్లలు. గట్టుమీద బల్ల వేసుకుని, కొత్త చీర కట్టుకుని, సంఘం పుస్తకం తెరుచుకుని కూచుంది కృపారాణి. మొదట నీళ్లలోంచి లేచి వచ్చింది స్టాన్లీ కూతురు బేబీ. జడలోంచి ధారలు కారుతున్నాయి, వణుకుతోంది, నవ్వుతోంది. తండ్రి వెనకాలే తువ్వాలు పట్టుకొచ్చేడు.

"పెద్దమ్మా, నా పేరు రాయవా?"

"రాస్తాను గాని దూరంగా నిలబడవే గుంటా! రేపు ఏరు పొంగినా ఈ పేరు పోదు, ఇవాళ మాత్రం నీ జడనీళ్లు పడితే పోతాది." పెన్ను మూత విప్పి, పాళీ కాగితానికి ఆనించి, మరిదికేసి తలెత్తింది. "పూర్తి పేరు సెప్పండి, సెక్రటరీగారూ. నిదానంగా."